దానంతట అదే కదిలే గ్యాలరీ ఎవరి కోసం?

"గ్యాలరీ అంటే కదలాలి సార్. ఆగిపోయిన పేజీని ఎవరు చూస్తారు?" అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టూ ఉన్న ఏ వెబ్ డిజైనింగ్ డెమో క్లాసులో కూర్చున్నా అరగంట తిరక్కుండా ఈ మాట వినపడుతుంది. మెట్రోలో ఒక్క స్టేషన్ దాటి పంజాగుట్టలో దిగితే చీరల షోరూం యజమాని నోటా అదే మాట, పెళ్ళి ఫొటోలు తీసే స్టూడియో ఆయన నోటా అదే మాట. నేర్పేవాడు, చేసేవాడు, చేయించుకునేవాడు ముగ్గురూ ఒకే మాట మీద ఉంటే ఇక అడిగేవాడెవడు? అందుకే ఏ సైటు తెరిచినా పైన నాలుగైదు పెద్ద బొమ్మలు ఒకదాన్నొకటి తోసుకుంటూ పోతుంటాయి. ఏ ఫొటో నొక్కినా తెర నల్లబడి, అది ఊగుతూ, మసకలోంచి తేలుతూ వస్తుంది. మనం చూడటం మొదలుపెట్టేలోపే పక్కది వచ్చేస్తుంది.

ఫొటోలను మనుషులు ఎలా చూస్తారో ఒక్కసారైనా గమనించకుండా ఏర్పరచుకున్న అభిప్రాయం ఇది. ఒక ఫొటో ముందు ఎంతసేపు నిలబడాలో చూసేవాడే తేల్చుకోవాలి. ఆ హక్కు లాక్కున్న గ్యాలరీ ఎంత మెరిసినా గ్యాలరీ కాదు.

అవతలి పక్షంవాళ్ళు తెలివితక్కువవాళ్ళేమీ కారు కాబట్టి వాళ్ళ వాదాన్ని దాని బలంతోనే ముందు పెడతాను. కదిలేదాని మీదికి కన్ను పోవడం సహజం. ఫోన్ పట్టుకున్న మనిషికి ఓపిక తక్కువ, నొక్కమంటే నొక్కడు, మనమే చూపించాలి. ఇంట్లో పెద్దవాళ్ళకు బటన్లు తెలియవు, దానంతట అదే నడిస్తే సుఖంగా చూస్తారు. హోంపేజీలో పై చోటు ఒక్కటే, చూపించాల్సినవి అయిదు. వంతులవారీగా తిప్పితే అన్నిటికీ న్యాయం జరుగుతుంది. డేటా చవకైపోయింది, బరువు గురించి బెంగ అక్కర్లేదు. రైట్ క్లిక్ ఆపేస్తే ఫొటోలు దొంగల పాలు కావు. అన్నిటికీ మించి, డబ్బులిచ్చే క్లయింట్ అడిగేదే ఇది. విడివిడిగా వింటే ఒక్కో మాటా సబబుగానే ఉంటుంది. ఇక ఒక్కోదాన్నీ గిచ్చి చూద్దాం.

1. కన్ను పోతుంది, నిలవదు

పంజాగుట్ట కూడలిలో ఎర్ర లైటు పడ్డప్పుడు ఎదురుగా ఎల్‌ఈడీ బోర్డు మీద బొమ్మ మారితే తల అటు తిరుగుతుంది, నిజమే. పచ్చ లైటు పడి నాగార్జున సర్కిల్ దాకా వెళ్ళాక ఆ బోర్డులో ఏముందని అడిగితే ఎవరు చెప్పగలరు? తల తిప్పించడం రోడ్డు మీది ప్రకటన పని, ఎందుకంటే అటు వెళ్ళేవాడు దానికోసం బయల్దేరలేదు. గ్యాలరీ తెరిచినవాడు ఫొటోలు చూడ్డానికే వచ్చాడు. వచ్చి గుమ్మంలో నిలబడ్డవాణ్ణి కేకేసి పిలవడం దేనికి?

పిలిచినా పలకడు కూడా. ఏళ్ళ తరబడి ప్రకటనలు చూసి చూసి, పేజీ పైన పెద్దగా కదిలేది ఏదైనా సరే ప్రకటనే అనుకుని దాటేయడం మన కళ్ళకు అలవాటైంది. 2013 జనవరిలో వెబ్ వాడుక తీరు నిపుణుడు జేకబ్ నీల్సన్ రాసిన ఒక వ్యాసంలో దీనికి చక్కటి ఉదాహరణ ఉంది. సీమెన్స్ సైటులో వాషింగ్ మెషీన్ల మీద ఏమైనా తగ్గింపు ఉందేమో చూడమని ఒక వినియోగదారుకు పని అప్పగించారు. ఆ తగ్గింపు సంగతి పేజీ పైనే, అన్నిటికన్నా పెద్ద చోట, తిరుగుతున్న బొమ్మల్లోనే ఉంది. ఆమె పేజీ అంతా వెతికింది గానీ దాన్ని మాత్రం చూడలేదు. అందరికీ కనపడాలని తిప్పినదే ఎవరికీ కనపడకుండా పోయిందన్నమాట.

2. మూడు సెకన్ల లెక్క

"మనమే చూపించాలి" అన్న మాట ఈ వాదానికి గుండెకాయ. దాన్ని పెళ్ళి గ్యాలరీ మీద పెట్టి చూడాలి, మన దగ్గర ఆన్‌లైన్ గ్యాలరీకి పెద్ద గిరాకీ అక్కడే కనక.

ఇద్దరు ఫొటోగ్రాఫర్లు రెండు రోజులు తిరిగితే మూడు వేల ఫొటోలు రావడం వింతేమీ కాదు. ఒక్కోటి మూడు సెకన్ల చొప్పున నడిపిస్తే తొమ్మిది వేల సెకన్లు, అంటే రెండున్నర గంటలు. పాటలూ ఫైట్లతో సహా ఒక సినిమా. అందులో పెళ్ళికూతురి మేనత్త ఎక్కడుందో పట్టుకోవాలంటే సినిమా అంతా కూర్చోవాల్సిందే. మధ్యలో ఎవరో కాఫీ అడిగారని లేచి వెళ్తే ఆవిడ కాస్తా దాటిపోతుంది.

అసలు ఆ మూడు సెకన్లు ఎవరు పెట్టారు? జీలకర్ర బెల్లం పెట్టే క్షణంలో కూతురి మొహం ఒక్కటే నిండుగా ఉన్న ఫొటో ముందు కన్నతల్లికి నిమిషం కూడా చాలదు. యాభైమంది బంధువులు మెట్ల మీద నిలబడ్డ గ్రూప్ ఫొటోలో మూడు సెకన్లకు ముందు వరస కూడా పూర్తి కాదు. మన కళ్ళు ఎడమనుంచి కుడికి సగం దూరం వెళ్ళేసరికి వేదిక మీది పూలదండ వస్తుంది. తలంబ్రాల ఫొటోలు వరసగా ముప్పై ఉంటాయి, వాటిని గబగబా ముందుకీ వెనక్కీ తిప్పి, ఇద్దరూ కళ్ళు తెరిచి నవ్వుతున్నది ఒక్కటి పట్టుకోవాలి. అక్కడ మూడు సెకన్లు చాలా ఎక్కువ. ఒకే గ్యాలరీలో ఇన్ని రకాల చూపులుంటే అన్నిటికీ ఒకే గడియారం బిగించడం ఇంటిల్లిపాదికీ ఒకే సైజు చెప్పులు కొన్నట్టుంది.

చూడటంతో పని అయిపోదు. కరిజ్మా ఆల్బమ్‌కి ఫొటోలు ఏరాలి. తండ్రి ఇక్కడ, కూతురు డాలస్‌లో. ఫోన్‌లో మాట్లాడుకుంటూ ఇద్దరూ ఒకే గ్యాలరీ తెరుస్తారు.

"నాన్నా, అప్పగింతల్లో నువ్వు పక్కకి తిరిగి కళ్ళు తుడుచుకుంటున్నావు చూడు, అది పెట్టించు."

"ఏ నంబరమ్మా?"

నంబరు లేదు. కింద అంకెలు కనపడితే అందం చెడుతుందని డిజైనర్ తీసేశాడు. ఆవిడ తెర మీద అప్పగింతలు నడుస్తుంటే ఈయన తెర మీద ఇంకా స్నాతకం నడుస్తోంది. చివరికి ఆవిడ స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్‌లో పంపుతుంది, ఈయన దాన్ని స్టూడియోకి పంపుతాడు, స్టూడియో కుర్రాడు ఆ మసక బొమ్మను పట్టుకుని మూడు వేల ఫైళ్ళలో వెతుకుతాడు. చూపించే శ్రమ తాను తీసుకున్నానని చెప్పుకునే గ్యాలరీ ముగ్గురికి కొత్త పని పెట్టింది. అక్కడ కావాల్సినవి నాలుగు: ఫొటో కింద దాని నంబరు, మొత్తంలో ఇది ఎన్నోదో చెప్పే లెక్క, ఆ ఒక్క ఫొటోనే తెరిచే లింకు, నచ్చినవాటిని పక్కన పెట్టుకునే గుర్తు. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటీ కదలనక్కర్లేదు.

ఇదేం కొత్త జ్ఞానం కాదు. 2005లో లోకేశ్ ధాకర్ అనే డెవలపర్ ఫొటోలు చూపే లైట్‌బాక్స్ కోడ్ రాసి ఉచితంగా ఇచ్చాడు. అంతకుముందు చిన్న బొమ్మ నొక్కితే వేరే పేజీయో, పాప్‌అప్ విండోనో తెరుచుకునేది. ఎక్కడినుంచి వచ్చామో మర్చిపోయేవాళ్ళం. లైట్‌బాక్స్ పేజీని అక్కడే ఉంచి, దాన్ని మసక చేసి, పైన ఫొటోని నిలబెట్టింది. దాని రెండో వెర్షన్‌లో ముందుకి, వెనక్కి, మూసేయి. కింద ఎన్నింటిలో ఎన్నోదో. చూసేవాడు తానెక్కడున్నాడో తెలుసుకుంటూ తన వేగంతో నడవడానికి అది చాలు. తర్వాత పుట్టుకొచ్చిన టెంప్లేట్లు చాలావరకు దాన్నుంచి నల్ల తెరను ఉంచుకున్నాయి, లెక్కను పారేశాయి, టైమర్ తగిలించాయి.

ఇక పెద్దవాళ్ళ సుఖం సంగతి. స్లైడ్‌షో అన్న పద్ధతే చీకటి గదిలో గోడ మీద బొమ్మ వేసే ప్రొజెక్టర్ల నుంచి వచ్చింది. కొడాక్ 1961లో తెచ్చిన కారుసెల్ ప్రొజెక్టర్ మీద గుండ్రటి ట్రే ఉండేది, అందులో 80 స్లైడ్లు పట్టేవి. ఒక మనిషి బటన్ పట్టుకుని కూర్చునేవాడు. ఎవరైనా "ఆగండాగండి, ఆ వెనకున్నది ఎవరు?" అంటే ఆగేవాడు, కథ చెప్పేవాడు, నవ్వులయ్యాక ముందుకి పోయేవాడు. 2004లో కొడాక్ ఆ ప్రొజెక్టర్ల తయారీ మానేసింది. వెబ్‌సైటు ఆ ప్రదర్శనలోంచి బొమ్మలు వరసగా మారడాన్ని తెచ్చుకుంది, ఆపే మనిషిని మాత్రం అక్కడే వదిలేసి వచ్చింది. అమ్మమ్మకి కష్టమయ్యేది తెర అంచున ఆవగింజంత బాణం గుర్తును పట్టుకుని నొక్కడం. దాన్ని బొటనవేలంత చేస్తే చాలు, ఆవిడ తన మనవరాలి పెళ్ళిని తనకు నచ్చినంతసేపు చూసుకుంటుంది.

ఇంట్లో హాలు టీవీ మీద, ఫంక్షన్ హాల్లో ఎల్‌ఈడీ తెర మీద, స్టూడియో రిసెప్షన్లో స్లైడ్‌షో నడవనివ్వండి, నాకు పేచీ లేదు. అక్కడ ఎవరి చేతిలోనూ రిమోట్ లేదు, ఎవరూ దేన్నీ వెతకడం లేదు, చూస్తే చూస్తారు లేకపోతే భోజనానికి వెళ్తారు. అరచేతిలో ఉన్న ఫోన్ వేరు. దాన్ని పట్టుకున్నాడంటేనే వేలు సిద్ధంగా ఉందని.

3. వంతులవారీ న్యాయం

అయిదు ఆఫర్లను ఒకే చోట తిప్పితే అయిదింటికీ సమాన అవకాశం వస్తుందన్నది షోరూం మేనేజర్ల నమ్మకం. బంగారం విభాగానికో స్లైడు, పిల్లల బట్టలకో స్లైడు, ఎవరికీ కోపం రాదు. 2013లో అమెరికాలోని నోట్రడామ్ విశ్వవిద్యాలయం వెబ్ విభాగంలో పనిచేస్తున్న ఎరిక్ రన్యన్ తమ సైటు లెక్కలు బయటపెట్టాడు. బొమ్మలు మార్చి మార్చి చూపే ఆ పై చోట, వచ్చినవాళ్ళలో సుమారు 1 శాతం మందే ఏదో ఒకదాన్ని నొక్కారు. ఆ నొక్కినవాటిలో 80 శాతానికి పైగా మొదటి బొమ్మ మీదే. అది విశ్వవిద్యాలయం, ఇది చీరల కొట్టు, అంకెలు అచ్చు అలాగే ఉండకపోవచ్చు. కానీ రెండో స్లైడు నుంచి అయిదో స్లైడు దాకా ఉన్నవి కొనేవాడి కోసమని నమ్మేవాళ్ళు ముందు తమ సైటు లెక్క తీసి చూపించాలి. మేనేజర్ల మధ్య తగువు తీర్చడానికి పెట్టినవైతే ఆ సంగతి ఒప్పుకోవాలి. ఆ అయిదింటినీ ఒకదాని కింద ఒకటి పేర్చితే వేలితో ఒక్క గీత, అన్నీ కనపడతాయి.

4. అంచు తెగిన చీర

కదలిక గురించి ఇంత గొడవ పడేవాళ్ళు కత్తిరింపు గురించి మాట్లాడరు. స్లైడ్‌షో పెట్టె అడ్డంగా, వెడల్పుగా ఉంటుంది. చీర కట్టుకున్న మనిషి ఫొటో నిలువుగా ఉంటుంది. ఫ్రేములో తెల్లచోటు మిగలకూడదని సీఎస్‌ఎస్‌లో 'ఆబ్జెక్ట్ ఫిట్ కవర్' అని ఒక్క ముక్క రాస్తారు. బొమ్మ ఫ్రేమంతా నిండుతుంది, మిగిలింది తెగిపోతుంది. పైన మోడల్ తల పోతుంది, కింద చీర అంచు పోతుంది. తల పోయినా పర్వాలేదు. అంచు లేకుండా చీర ఎలా అమ్ముతారు?

గద్వాల చీర చూడండి. ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు. ఆ రెండూ కలిసే చోట నేత ఎలా ఉందన్నదే కొనే ఆడవాళ్ళు మొదట పట్టి చూసేది. 2005లో భౌగోళిక గుర్తింపు పొందిన పోచంపల్లి ఇక్కత్‌లో నూలుకు ముందే ముడులు కట్టి రంగు అద్దుతారు కాబట్టి నమూనా అంచులు కొద్దిగా పాకినట్టు, మసకగా ఉంటాయి. అచ్చువేసిన నకలులో ఆ గీతలు కత్తితో కోసినట్టు ఉంటాయి. ఈ తేడా కంటికి ఆనాలంటే ఫొటోని రెండు వేళ్ళతో పెద్దది చేసి, ఒకచోట ఆపి, తేరిపార చూడాలి. సరిగ్గా అక్కడే మన సైట్లు పేజీ తలలో 'యూజర్ స్కేలబుల్ నో' అని రాసి పెట్టి కూర్చుంటాయి, వేళ్ళతో లాగితే డిజైన్ చెదురుతుందని. కొట్టులో అయితే చీర మడత విప్పి, లైటు కిందికి తెచ్చి, తిరగేసి చూపిస్తారు. అదే కొట్టు సైటులో చీర మూడు సెకన్లు తళుక్కుమని మాయమవుతుంది.

పాత కట్టడాల ఫొటోల దగ్గర ఈ నష్టం ఇంకా పెద్దది. పంజాగుట్టను ఆనుకునే ఎర్రమంజిల్ ఉంది, నవాబ్ ఫఖ్రుల్ ముల్క్ 1870 ప్రాంతంలో కట్టించిన మహలు. దాన్ని కూల్చి కొత్త శాసనసభ కట్టాలన్న నిర్ణయాన్ని 2019 సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది. ఆ గోడల మీది గచ్చు పూలపనిని రేపు ఒక విద్యార్థి ఆన్‌లైన్లో చూడాలనుకుంటే అతనికి కావాల్సింది ఒక్కటే, దగ్గరికి వెళ్ళగలగడం. ఆరో నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ గాజు పలకల మీద ఫొటోలు తీశాడు. ఆయన నెగటివ్‌లు 2,857 ఇప్పుడు ఢిల్లీలో ఇందిరా గాంధీ జాతీయ కళా కేంద్రం దగ్గరున్నాయి. గాజు పలక మీద పడ్డ వివరం అపారం. దర్బారు ఫొటోలో వెనక వరసలో నిలబడ్డ బంట్రోతు తలపాగా మడతలు కూడా లెక్కపెట్టొచ్చు. ప్రపంచంలోని పెద్ద గ్రంథాలయాలు, మ్యూజియంలు 2011 నుంచి ట్రిపుల్ ఐఎఫ్ అనే ఉమ్మడి పద్ధతి కట్టుకున్నాయి. పెద్ద బొమ్మను చిన్న చిన్న పలకలుగా కోసి ఉంచి, చూసేవాడు ఏ మూలకి దగ్గరికెళ్తే ఆ పలకలు మాత్రమే పంపుతారు. వాళ్ళ తెలివంతా చూసేవాణ్ణి ఇంకా దగ్గరికి తీసుకెళ్ళడం మీద పెట్టారు. మనం మన తెలివంతా ఒక ఫొటో నుంచి ఇంకో ఫొటోకి ఎంత అందంగా పారిపోవచ్చా అన్నదాని మీద పెట్టాం.

5. చవక డేటా, చిన్న ఫోన్

2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా చవకైన మాట నిజం. కానీ ఫొటో బరువు రెండు చోట్ల పడుతుంది, డేటా ధర తగ్గితే ఒకచోటే తేలికవుతుంది.

24 మెగాపిక్సెళ్ళ కెమెరా ఫొటో అంటే 6000 × 4000 చుక్కలు. ఫైలుగా ఎనిమిదో పదో ఎంబీ ఉండొచ్చు. తెర మీద చూపాలంటే ఫోన్ దాన్ని విప్పాలి, ఒక్కో చుక్కకీ నాలుగు బైట్ల చొప్పున. అంటే 96 ఎంబీ మెమరీ, ఒక్క ఫొటోకి. నునుపుగా జరగాలని ముందు రెండు వెనక రెండు సిద్ధంగా పెట్టుకునే స్లైడ్‌షో అయిదింటిని పట్టుకుంటే 480 ఎంబీ. నాలుగు జీబీ ఫోన్‌లో వాట్సాప్, యూట్యూబ్, ఆండ్రాయిడ్ తినగా మిగిలినదాంట్లో ఇది పట్టదు. బ్రౌజర్ పేజీని మూసి మళ్ళీ మొదటినుంచి లోడ్ చేస్తుంది. అదే ఫొటోని 1600 చుక్కల వెడల్పుకి కుదిస్తే మెమరీలో 7 ఎంబీ లోపు. ఫోన్ తెర మీద మొదటి చూపుకి అది చాలు. జూమ్ చేసినప్పుడు పెద్దది పంపొచ్చు. ఏ తెరకు ఏ సైజో బ్రౌజరే ఎంచుకునే 'సోర్స్ సెట్' ఎన్నో ఏళ్ళుగా ఉంది. కంటికి దగ్గరపడినప్పుడే బొమ్మను దించే లేజీ లోడింగ్‌ని క్రోమ్ 2019లో నేరుగా హెచ్‌టీఎంఎల్ లోనే ఇచ్చింది.

టైమర్ ఈ పొదుపునంతా కాలదన్నుతుంది. ఎవరైనా చూస్తున్నారా లేదా అని దానికి పట్టదు. ఫోన్ బల్ల మీద పెట్టి స్నానానికి వెళ్ళినా, తెర వెలిగి ఉన్నంతసేపూ ఒకదాని తర్వాత ఒకటి దించుకుంటూనే పోతుంది. అమీర్‌పేట హాస్టళ్ళలో ఒక్క వైఫైని అంతస్తు మొత్తం పంచుకునే కుర్రాళ్ళకి ఈ సంగతి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. పగలు క్లాసులో అదే స్లైడ్‌షో కట్టి, రాత్రి అదే తిరుగుడు చక్రాన్ని తిట్టుకునేదీ వాళ్ళే.

6. రైట్ క్లిక్ తాళం

ఫొటోల భద్రత పేరుతో చేసేది ఇంతకన్నా అన్యాయం. రైట్ క్లిక్ నొక్కితే "కాపీ చేయరాదు" అని ఒక హెచ్చరిక పెట్టె. ఫొటో తెర మీద కనపడుతోందంటేనే అది అప్పటికే అవతలివాడి ఫోన్‌లోకి వచ్చేసిందని అర్థం. స్క్రీన్‌షాట్‌కి రెండు బటన్లు చాలు. ఈ తాళం దొంగని ఆపదు. పెదనాన్న మాత్రం తన ఫొటో ఒకటి దాచుకోబోయి హెచ్చరిక చూసి జంకుతాడు.

నిజంగా కాపాడాలనుకుంటే చేయాల్సినవి వేరే ఉన్నాయి. పూర్తి సైజు ఫైళ్ళు సైటులో పెట్టకూడదు. పెళ్ళి గ్యాలరీ లింకు చివర ఒకటి, రెండు, మూడు అని అంకెలుంటే ఎవరైనా అంకె మార్చి పక్కింటి పెళ్ళి చూడొచ్చు. ఊహించలేని పొడుగాటి లింకో, పాస్‌వర్డో ఉండాలి. ఇంకొకటి. ఫోన్‌తో తీసిన ఫొటో ఫైలులో చాలాసార్లు ఎక్కడ తీశారో అక్షాంశ రేఖాంశాలతో సహా రాసి ఉంటుంది. పసిపిల్ల పుట్టినరోజు ఫొటో పెడుతూ ఆ ఇంటి చిరునామా కూడా పెట్టేస్తున్నామన్నమాట. అప్‌లోడ్ అయ్యేటప్పుడే ఆ సమాచారం తీసేయడానికి నాలుగు వరసల కోడ్ చాలు. డెమోలో కనపడదు కాబట్టి ఎవరూ రాయరు.

7. కదలిక అందరికీ వేడుక కాదు

చెవి లోపలి సమతౌల్యం దెబ్బతిన్నవాళ్ళకి తెర మీద పెద్ద బొమ్మలు జారుతుంటే తల తిరుగుతుంది, వాంతి వస్తుంది. 2013లో యాపిల్ తన ఫోన్ తెరలకు కొత్త కదలికలు పెట్టినప్పుడు ఇలాంటి ఫిర్యాదులు వచ్చి, కదలిక తగ్గించే సెట్టింగు ఇవ్వాల్సి వచ్చింది. ఈ రోజు ఆ సెట్టింగు దాదాపు ప్రతి ఫోన్‌లోనూ ఉంది, వెబ్‌సైటు దాన్ని ఒక్క వరసతో అడిగి తెలుసుకోవచ్చు. అడిగే సైట్లు ఎన్ని?

అమీర్‌పేట పక్కనే బేగంపేటలో దేవనార్ అంధుల పాఠశాల ఉంది. అక్కడ చదువుకునే పిల్లలు రేపు ఫోన్‌లో స్క్రీన్ రీడర్‌తో ఈ సైట్లే వింటారు. ఫొటోలో ఏముందో మాటల్లో చెప్పే ఆల్ట్ టెక్స్ట్ రాయకపోతే అది వాళ్ళకి చాలాసార్లు ఫైలు పేరు చదివి వినిపిస్తుంది. రాసినా, వినడం సగంలో ఉండగా బొమ్మ మారిపోతే ఏం విన్నట్టు? 2008లో వచ్చిన వెబ్ సౌలభ్య ప్రమాణాలు ఈ సంగతి అప్పుడే చెప్పాయి: పక్కన వేరే సమాచారం ఉండగా దానంతట అదే మొదలై అయిదు సెకన్లు మించి కదిలే దేన్నైనా ఆపే వీలో, దాచే వీలో ఉండాలి. ఇది ఆ ప్రమాణాల్లో అట్టడుగు మెట్టు. మన దేశంలో దివ్యాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. డిజిటల్ సేవలు అందుకోగలగడం జీవించే హక్కులో భాగమని 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు తేల్చింది. "మా సైటుకి అలాంటివాళ్ళు రారు సార్" అని క్లాసులో నవ్వేసే మాటకు ఇక చెల్లుబాటు లేదు. రారు అంటున్నారు, రాగలిగేలా ఎప్పుడు కట్టారు?

8. క్లయింట్ అడిగాడు

మిగిలింది పెద్ద కవచం. క్లయింట్ అడిగాడు, చేశాం.

క్లయింట్ సైటుని ఎక్కడ చూస్తాడు? డిజైనర్ లాప్‌టాప్ మీద, ఆఫీసు వైఫైలో, పది నిమిషాల మీటింగులో. ఆ పది నిమిషాల్లో స్లైడ్‌షో గెలుస్తుంది, గెలవక తప్పదు. తన చీరలు, తన నగలు, తను తీసిన ఫొటోలు. ప్రతిదీ ఆయనకి ముందే తెలుసు. మూడు సెకన్లు సరిపోయే మనిషి లోకంలో ఒక్కడుంటే అది ఆయనే. కొనబోయే మనిషికి అందులో ఏదీ తెలియదు. క్లయింట్‌కి నచ్చడాన్ని చూసేవాడికి నచ్చడంగా లెక్కేయడమే ఈ మొత్తం అభిప్రాయానికి పునాది, అది ఇసుక. క్లయింట్ చేతికి లాప్‌టాప్ బదులు ఆయన ఇంట్లోవాళ్ళ మామూలు ఫోన్ ఇచ్చి, "ఇందులో ఆకుపచ్చ గద్వాల చీర వెతికి అంచు చూపించండి" అని అడగండి. వాదన అక్కడే అయిపోతుంది.

క్లాసుల వాటా కూడా చిన్నది కాదు. జావాస్క్రిప్ట్ నేర్పేటప్పుడు స్లైడ్‌షో మంచి అభ్యాసం. వరసలో బొమ్మల పేర్లు, ఒక లెక్క, ఒక టైమర్, చివరికి చేరితే మళ్ళీ సున్నాకి. ఒక్క గంటలో తెర మీద ఏదో కదులుతుంది, బ్యాచ్ అంతా చప్పట్లు కొడుతుంది. ఆ అభ్యాసమే 'రియల్‌టైం ప్రాజెక్టు' పేరుతో రెజ్యూమెలోకి, అక్కడినుంచి పంజాగుట్ట షోరూం సైటులోకి నడిచి వచ్చేసింది. టైమర్ ఎలా పనిచేస్తుందో చూపడానికి పుట్టిన పాఠం ఫొటోలు ఎలా చూపాలో చెప్పే పాఠమైపోయింది. మధ్యలో ఎవరూ ఆగి అడగలేదు.

కాబట్టి పాఠం వరస మార్చండి. మొదటి రోజు జావాస్క్రిప్ట్ లేకుండా చిన్న ఫొటోల పేజీ కట్టించండి, ఒక్కోటి నొక్కితే పెద్ద ఫొటో తెరుచుకోవాలి. రెండో రోజు ప్రతి ఫొటోకీ నంబరు, సొంత లింకు, ఆల్ట్ టెక్స్ట్. మూడో రోజు పెద్దగా చూపే తెర: బొటనవేలికి అందే బాణాలు, కీబోర్డులో ఎస్కేప్ నొక్కితే మూసుకోవడం, ఫోన్‌లో బ్యాక్ నొక్కితే సైటు పోకుండా ఫొటో మాత్రమే మూసుకుని, పేజీలో చూస్తూ ఆగిన చోటికే తిరిగి రావడం. ఈ ఆఖరిదొక్కటి సరిగ్గా చేసినవాడికి నేనైతే సర్టిఫికెట్ అక్కడే ఇచ్చేస్తాను. నాలుగో రోజు రెండు వేళ్ళ జూమ్, సైజుల లెక్క, ఫైలులో దాగిన చిరునామా తుడిచేయడం. అయిదో రోజు, టైం మిగిలితే, ప్లే బటన్ పెట్టించండి. పేజీ తెరిచినప్పుడు అది ఆగి ఉండాలి.